మైదాకు కంచె మీద దావా

మొన్న నా మనుమరాలు కొత్తిల్లు చూపిస్తనని వచ్చి నన్ను కార్ల కూసోబెట్టుకొని పోయింది. ఎక్కడికనుకున్నరు? మా శంషాబాద్ దిక్కే. నేను పుట్టి పెరిగిన ఊరికి నన్నే చుట్టపుదాన్ని లెక్క తీస్కపోయింది. ఒకప్పుడు ఏ మలుపు ఎక్కడ వస్తదో కండ్లు మూసుకొని చెప్పేదాన్ని, ఇప్పుడు అద్దానికి ముక్కు ఆనిచ్చుకొని కూసున్నా ఒక్కటి గుర్తుపట్టలేదు. గగన్‌పహాడ్ కాడ గుట్టరాళ్లు కనబడితె మాత్రం "ఇవి మావే, ఇవి మావే" అని కేకేసిన. ఇల్లు మంచిగనే ఉన్నది. నెత్తి మీంచి విమానం దిగినప్పుడల్లా గిలాసల నీళ్లు వణుకుతున్నయి, గంతే. చాయ తాగుతుంటె పిల్ల నోటీసు సంగతి తీసింది. వీళ్లు అడ్డం పెట్టిన వెదురు మొక్కలు పక్కింటాయన దిక్కు వంగినయంట, ఆయన వకీలుతోని నోటీసు పంపిండు. ఆయన పెట్టుకున్న కెమెరానేమో వీళ్ల పడకగది కిటికీ దిక్కే చూస్తుందంట. "మాకు ప్రైవసీ లేకుండ చేసిండు అమ్మమ్మా, నేను గూడ కోర్టుకు పోత" అని కండ్లెర్ర చేసింది. నాకు నవ్వాగలేదు. "ఆయన పేరేంది బిడ్డా?" అని అడిగిన. పిల్లకు తెల్వదు. లోపలికి పోయి నోటీసుల చూసొచ్చి చెప్పింది.

అగో, అక్కడ నాకు మా దొడ్డి యాదికొచ్చింది. మా బాపు మీద గూడ ఇసొంటి దావానే పడ్డది, అది నిజాం జమానా, నేను లంగా జాకెట్టు వేసుకొని తిరిగే పిల్లను. కాకపోతె మాకు పక్కింటోళ్ల పేర్లే కాదు, వాళ్లింట్ల ఏ దినం ఏ కూరనో గూడ తెలుసు. అదే వచ్చిన తంటా.

మా ఇల్లు ఊరి నడుమ ఉండె. బాపు ఊరికి పటేల్ గనుక ముందట కచ్చేరి అరుగు, ఎనుక పెద్ద దొడ్డి. దొడ్డిల ఎడ్ల కొట్టం, బాయి, తానాల రాయి, పిడకల కుప్ప. దొడ్డికి పక్క పొంటి మైదాకు కంచె. కోస్తోళ్లు గోరింటాకు అంటరు, మాకు మైదాకు. కంచె అవతల జమేదార్ సాబ్ ఇల్లు. ఆయన ఎవరో నవాబు దేవిడిల తోపులు, అంటె ఫిరంగులు, పేల్చే కొలువు చేసి వచ్చినోడు. పండుగలకు, పుట్టిన దినాలకు తోపులు పేల్చి పేల్చి చెవులు పోగొట్టుకున్నడు. పెద్దగ ఒర్రితె గని వినబడది. ఆయనకు వినబడదు గనుక లోకంల ఎవ్వలికీ వినబడదనుకొని తను గూడ ఒర్రుకుంటనే మాట్లాడేటోడు. పొద్దుగాల్నే "చాయ్ తే!" అని ఆయన కేకేస్తె మా కొట్టంల ఎడ్లు చెవులు నిక్కబొడుచుకునేటివి. మనిషి మాత్రం బంగారం. మెహందీ పెట్టిన ఎర్రగడ్డం, తెల్లటి లాల్చీ, జేబుల ఎప్పుడు పిల్లల కోసం మిశ్రీ ముక్కలు.

ఆయన భార్యను మేమందరం బీబమ్మ అనేటోళ్లం. పట్నం పిల్ల, పెద్ద ఇంటి పిల్ల, పర్దా గట్టిగ ఉన్నోళ్లు. పెండ్లయి మూసిన బండ్ల వచ్చి ఆ ఇంట్ల దిగింది, మళ్ల ఏడాదికోపాలి మూసిన బండ్లనే పుట్టింటికి పోయొచ్చేది. మధ్యల ఇంటి గల్మ దాటి బయటికొచ్చుడు లేదు. పిల్లలు కలుగలేదు. ఇంట్ల మాట్లాడ మనిషి ఎవరయ్య అంటె వినబడని పెనిమిటి. ఆ మైదాకు కంచె లేకపోతె ఆమె ఏమైపోయేదో.

కంచె కాడ మా నాయినమ్మ ఉండేది. వాకిట్ల సాన్పి చల్లి, సల్ల చిలికి, జొన్న గడ్క పొయ్యి మీద పెట్టి, నాయినమ్మ పిడకలు కొట్టే నెపం మీద కంచె పక్కన చేరేది. అవతల బీబమ్మ పీట వేసుకొని బియ్యం చాట ఒళ్లె పెట్టుకునేది. ఇగ మొదలు. ఒకరికొకరు కనబడేది కొంచెమే, గాజులు, ముక్కుపుల్ల మెరుపు, గంతే, మాట మాత్రం నూనె ధార లెక్క సాగేది. ఎవరింట్ల పురుడు, ఎవరి అల్లుడు అలిగిండు, చింతపండు నిలువ పెట్టుడెట్ల, పట్నంల గాజుల కొత్త రంగులేంది. కొమ్మల నడుమ నుంచి గిన్నెలు పోయేటివి, వచ్చేటివి. నాయినమ్మకు మడి ఉండె, వాళ్లింట్ల వండింది ముట్టకపోయేది, ఖజూర పండ్లు, తమలపాకులు, పచ్చి సేమ్యాలు మాత్రం కండ్లకద్దుకొని తీసుకునేది. బీబమ్మకు గది తెలుసు, ఎన్నడు తప్పు పట్టలేదు. "అక్కా, నీ దేవునికి కోపం రాని గిన్నె ఇది, తీస్కో" అని నవ్వుకుంట ఇచ్చేది. మా నాయినమ్మ పుంటికూర తొక్కు కోసమైతె ఆమె కంచె మీద పడిపోయేది.

ఇగ ఆషాఢం సంగతి చెప్పాలె. ఆషాఢం వస్తె ఊర్ల ఆడోళ్లందరికి మా కంచె మీదనే కన్ను. తానాల నీళ్లు పారే జాగల పెరిగింది గద, దాని ఆకు పండినట్టు ఇంకేదీ పండదని పేరు. చిన్నోళ్లు, పెద్దోళ్లు, కొత్త కోడండ్లు గంపలు పట్టుకొని వచ్చి దూసుకపోయేటోళ్లు. రోట్ల మైదాకు రుబ్బుతుంటె వచ్చే ఆ పచ్చి వాసన నాకు ఇప్పటికి ముక్కుల్నే ఉన్నది. కాడలు తీసి, చింతపండు వేసి, అమ్మ నూరి నా చేతి వేళ్లకు టోపీలు పెట్టి, గుడ్డ చుట్టేది. ఆ దినం నాకు బువ్వ ఇంకొకలు తినిపియ్యాలె, ఆ రాజభోగం కోసమే నేను మైదాకు పెట్టుకునేదాన్నేమో. బీబమ్మ గూడ అవతలి నుంచి అరచేతులు చాపేది, నాయినమ్మ కొమ్మల నడుమ నుంచే ఆ చేతులకు చందమామలు పెట్టేది.

ప్రతి ఏడు దూసినంక వాన పడేది, కంచె మళ్ల చిగురేసేది, ఎవ్వలికి ఇబ్బంది ఉండకపోయేది. ఆ ఏడు వాన మొఖం చాటేసింది. దూసిన కంచె దూసినట్టే ఉండిపోయింది, ఉత్త పుల్లలు. అటు నిలబడ్డోళ్లకు ఇటు ఎద్దు నెమరేసుడు కనబడుతున్నది, ఇటు నిలబడ్డోళ్లకు అటు పొయ్యి మీది గంజు కనబడుతున్నది. జమేదార్ సాబ్ మసీదు నుంచి వచ్చి దొడ్లెకు పోయేసరికి మా బాపు కొట్టంల ఎద్దుకు మాలీసు చేస్తున్నడు. ఇద్దరి కండ్లు కలిసినయి, నడుమ పుల్లలు. ఇగ తోపు పేలింది.

"పటేలా! నా ఇల్లు బేపర్దా చేసినవ్! నా ఇజ్జత్ గంపల్ల నింపి ఊరందరికి పంచినవ్!"

మా బాపు గూడ తక్కువోడు కాదు. ఊర్ల అందరు తనను పెద్దమనిషి అంటుంటె, తన దొడ్లె తననే దొంగ చూపుల మనిషి లెక్క నిలబెట్టిండు గద. "కంచె మా తాత పెట్టిండు. మా ఆకు మేము దూసుకుంటం, నువ్వెవరు అడగనీకె?"

"మా అమ్మీజాన్ పట్నం కెల్లి కొమ్మలు తెచ్చి నాటింది! మీ తాతకు మైదాకు ఎందుకయ్యా, ఆయన పెట్టుకున్నడా?"

ఊరు ఊరంతా నవ్వింది, బాపుకు మాత్రం ఆ నవ్వు సూది లెక్క గుచ్చుకున్నది. వారం తిరగకముందే అదాలత్ సిపాయి మా అరుగు మీద సమను పెట్టి పోయిండు. జమేదార్ సాబ్ దావా వేసిండు: మైదాకు పీకి పారెయ్యాలె, ఆ జాగల మనిషి ఎత్తు మీద జానెడు ఎక్కువ రాతిగోడ బాపు కట్టియ్యాలె. బాపు ఉల్టా వేసిండు: కంచె నాది, ఒక్క పుల్ల ముట్టినా ఊకోను.

పేషీలకు పట్నం పోవాలె. అగో, అక్కడ చూడుండ్రి తమాషా. జమేదార్ సాబ్‌కు బండి లేదు. మాకు మహేశ్వరం సంతల కొన్న తెల్ల ఎడ్లు, పైన కప్పున్న కచ్చురం బండి ఉండె. మొదటి పేషీ దినం పొద్దుగాల ఆయన చేతి కట్టె పట్టుకొని నడుచుకుంట పోతున్నడు. బాపు బండి ఆపిండు. "ఎక్కుండ్రి సాబ్, ఎండెక్కుతది." ఆయన మొఖం అటు తిప్పుకొనే ఎక్కిండు. పోయేటప్పుడు మాటల్లేవంట. వచ్చేటప్పుడు మా అమ్మ కట్టిన జొన్న రొట్టెలు ఇద్దరు పంచుకొని తిన్నరు, వకీళ్లను ఇద్దరు కలిసి తిట్టుకున్నరు. ఊర్లె దిగంగనే మళ్ల పగోళ్లు. ప్రతి పేషీకి ఇదే కథ. నా మనుమరాలికి ఇది చెప్తె నమ్మలేదు, "కోర్టుల కొట్లాడుకునేటోళ్లు ఒకే బండ్ల ఎట్ల పోతరమ్మమ్మా?" అన్నది. రెండిండ్ల నడుమ కొట్లాట పుట్టాల్నంటె ముందు రెండిండ్ల నడుమ ఏదన్న ఒక రాకపోక ఉండాలె గద బిడ్డా అన్న. పిల్లకు నా మాట తలకెక్కలేదు, ఫోను మోగితె లేచిపోయింది.

మొగోళ్లకు ఇది ఇజ్జత్ ముచ్చట. ఆడోళ్లకు మాత్రం నిదుర పట్టలేదు. ఒక దినం మధ్యాహ్నం బోడికంచె కాడ బీబమ్మ ముసుగేసుకొని కూసొని ఏడ్చుడు నేను కండ్లార చూసిన. "అక్కా, మాయన గెలిస్తె మీ పటేల్ గోడ కడతడు. మాయన ఓడితె కోపానికొచ్చి ఆయనే కడతడు, రాళ్లు గూడ మాట్లాడుకొని వచ్చిండు. ఎటు తిరిగి గోడనే. గోడ కడితె నేనెవరితోని మాట్లాడాలె? బర్రెతోనా?"

నాయినమ్మకు నవ్వు, ఏడుపు రెండొచ్చినయి. "ఏడువకు చెల్లె, ముందు కంచె చిక్కగైతె వీళ్ల నోళ్లు మూతపడతయి" అన్నది. ఆ దినం సంది తానాల నీళ్లు, బియ్యం కడిగిన కుడితి, ఎడ్ల పెంట, అన్ని కంచె మొదట్ల పడ్డయి. ఇటు నాయినమ్మ పోస్తె అటు బీబమ్మ పోసింది. సాలదని చిక్కుడు గింజలు పెట్టిండ్రు. కార్తెలు మారినయి, ఆలస్యంగనన్న వానలు పడ్డయి, మైదాకు చిగురేసింది, దాని మీదికెల్లి చిక్కుడు తీగ ఎగబాకింది. కంచె ఎంత చిక్కగైందంటె పిట్ట దూరితె బయటికొచ్చే తొవ్వ వెతుక్కోవాలె. ఇగ సల్లబడతరనుకుంటె, జమేదార్ సాబ్ ఇంకో దరఖాస్తు పెట్టిండు, పటేల్ చిక్కుడు తీగ నా జాగల కాస్తుందని. ఆ కాయలు రోజు ఆయన పళ్లెంల్నే పడుతున్నయని ఆయనకు తెల్వకపాయె.

ఆఖరికి మున్సిఫ్ సాబ్‌కు విసుగొచ్చింది. జాగ నేనే చూస్త, ఆ ఇంటి ఆడమనిషి నోటితోని చెప్పే బయాను గూడ అక్కడనే రాస్కుంట అని హుకుం ఇచ్చిండు. దినం ఖరారైంది. మా అరుగు అలికిండ్రు, ముగ్గులేసిండ్రు, ఎవరిదో పెండ్లి అయినట్టు. మున్సిఫ్ సాబ్ సన్నటి మనిషి, కండ్లద్దాలు, నెత్తి మీద రూమీ టోపీ. మా దొడ్లె కుర్చీ వేసుకొని కంచె ముందట కూసున్నడు, పక్కన రాసేటాయన. బీబమ్మ అవతల, తన దొడ్లె, కంచెనే పర్దా. జమేదార్ సాబ్ ఇవతలికి వచ్చి మున్సిఫ్ పక్కన నిలబడ్డడు. ఊరు గోడల మీద, కొట్టం మీద, ఎక్కడ సందు దొరికితె అక్కడ.

మొదట్ల్నే ఒక చిక్కొచ్చింది. పర్దాల ఉన్నామె బయాను రాయాల్నంటె, ఆ గొంతు ఆమెదే అని ఇంకొకలు సాక్షి చెప్పాలె, గది అదాలత్ కాయిద. పెనిమిటి చెప్పరాదు, దావా ఆయనదే. పుట్టింటోళ్లు పట్నంల ఉన్నరు. "ఈ ఊర్ల ఈమె గొంతు ఎరిగినోళ్లు ఎవరున్నరు?" అని మున్సిఫ్ సాబ్ అడిగిండు. అందరి మొఖాలు మా నాయినమ్మ దిక్కు తిరిగినయి. బాపు పొద్దుగాల రొట్టె తినుకుంట ఆమెకు చెప్పిండు, "నాకు తెల్వదు అను అమ్మా, బయాను పనికి రాకుంట పోతది, కేసు మనదే." అప్పుడు నాయినమ్మ ఆయనకు ఇంకో రొట్టె వేసింది.

ఇప్పుడు లేచి నిలబడి కొంగు సదురుకొని కంచె దిక్కు తిరిగింది. "బీబమ్మా, నిన్న ఏం కూర వండినవ్?"

"పొద్దుగాల్నే చెప్పిన గద అక్కా, చుక్కకూర పప్పు. మళ్ల అడుగుతవేంది?"

గోడల మీద జనం గొల్లుమన్నరు. "ఆమెనే సాబ్" అన్నది నాయినమ్మ, "పొద్దుగాల గూడ గిదే చెప్పింది." బాపు నెత్తి పట్టుకున్నడు.

మున్సిఫ్ సాబ్ నవ్వు దాచుకొని అడిగిండు. "అమ్మా, కంచె ఆకు పోయిన దినాలల్ల పటేల్ మిమ్మల్ని చూసిండా?"

"లేదు సాబ్. ఆయన దగ్గకుండ దొడ్లెకు రాడు. వాన పడనీ, ఎండ కొట్టనీ, దగ్గొచ్చినా దగ్గుతడు, రాకున్నా దగ్గుతడు. నేను ఈ ఇంటికి వచ్చినకాంచి గంతే. ఆ దగ్గు వినంగనే నేను లోపలికి పోత. ఆ దినం గూడ దగ్గిండు. మా పొయ్యిని చూసిండేమో, నన్నైతె చూడలే."

ఆ దగ్గు పొగాకు దగ్గనుకొని మా అమ్మ ఆయనకు మిరియాల కషాయం పోసి పోసి అలిసిపోయింది. బాపు మొఖం ఎర్రగై నేల చూస్తున్నడు. అదాలత్‌ల ఈ ఒక్క మాట చెప్పుకుంటె కేసు ఎప్పుడో తేలిపోయేది. కాని పక్కింటి ఆడమనిషి కోసం నేను దగ్గుతనని నలుగుట్ల చెప్పుకునే మనిషి కాదు ఆయన.

"ఏమంటుంది? ఏమంటుంది?" అని జమేదార్ సాబ్ చెవికి చెయ్యి అడ్డం పెట్టిండు. మున్సిఫ్ సాబ్ ఆయన చెవుల నోరు పెట్టి కేకేసిండు, "పటేల్ దగ్గి వస్తడంట!"

"దగ్గుతడా? ఎప్పుడు దగ్గిండు?"

"రోజూ దగ్గుతడు సాబ్!" అని ఊరంతా ఒక్కపాలే ఒర్రింది. జమేదార్ సాబ్ బాపు దిక్కు చూసిండు.

"మరి గోడ సంగతేందమ్మా?" అని మున్సిఫ్ సాబ్ మళ్ల కంచె దిక్కు తిరిగిండు. "మీకు గోడ కావాల్నా, వద్దా?"

"నన్ను అడుగుతున్నరా సాబ్?"

"మిమ్మల్నే."

"వద్దు సాబ్." ఆ గొంతు నాకు ఇప్పటికి వినబడుతనే ఉంటది. "పుట్టింట్ల నాకు చెల్లెండ్లుండిరి, పొద్దుందాక నవ్వుడే ఉండె. ఈడ నాకు అక్క గొంతు ఒక్కటే ఉన్నది. గోడ కడితె అది గూడ వినబడది. నేను ఒక్కదాన్నయిపోత."

రాసేటాయన కలం ఆగింది. జమేదార్ సాబ్ మళ్ల, "ఏమంటుంది?" మున్సిఫ్ సాబ్ ఏం చేస్తడు పాపం, దావా వేసినాయనకు వినిపియ్యాలె గద. ఆయన చెవుల గొంతు చించుకొని కేకేసిండు. "గోడ కడితె ఒక్కతే అయిపోతదంట! ఒక్కతే!" ఆ కేక వీధి చివరిదాక పోయింది. పర్దాల పెరిగిన మనిషి కంచె చాటున చెప్పుకున్న దుఃఖం ఊరందరి చెవుల పడ్డది. ఒక్కరు నవ్వలేదు. మా నాయినమ్మ కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది, నేను ఆమెను చూసి ఏడ్చిన.

జమేదార్ సాబ్ తన వకీలు దిక్కు చెయ్యి ఊపి, "ఇగ రాయకుండ్రి, దావా వాపస్" అన్నడు. మెల్లగ కంచె కాడికి పోయిండు. ఆయన నోట అంత మెల్లటి మాట నేను ఎన్నడు వినలేదు.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన జీ" అన్నది బీబమ్మ అవతల నుంచి. "మస్తుపాలి చెప్పిన. మీకు వినబడలే."

ఆయన చెవికి చెయ్యి పెట్టుకొని ఇటు తిరిగిండు. "ఏమంటుంది? అరే, ఏమంటుంది?"

మున్సిఫ్ సాబ్ కండ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నడు. రాసేటాయన కాయితాలు సదురుకుంటున్నడు. గోడల మీది జనం తలకాయలు వంచుకున్నరు. మా బాపు లేచిండు. పోయి జమేదార్ సాబ్ భుజం మీద చెయ్యి వేసి, చెవి కాడికి వంగి గట్టిగ అన్నడు.

"గోడ వద్దంటుంది సాబ్."

"గంతేనా?"

"గంతే" అన్నడు బాపు.